కండె కొలత చెప్పేది ఏది: గోడా, సరుకా?

ఇంటర్‌లో మనందరం గీసిన కణవిభజన బొమ్మే. గుండ్రటి కణం, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కండె (స్పిండిల్, అంటే క్రోమోజోముల్ని చెరో వైపుకీ లాగే పోగుల కట్ట) పోగులు, నడుమ వరసగా క్రోమోజోములు. ఆఫ్రికా గోళ్ల కప్ప గుడ్డు దగ్గర ఈ బొమ్మ చెల్లదు. గుడ్డు అడ్డుకొలత సుమారు 1200 మైక్రాన్లు, అందులో కండె 60 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. పిండం ఏమాత్రం పెరగకుండా అరగంటకోసారి విడిపోతుంటే కణాలు చిన్నవవుతూ పోతాయి. మొదటి కొన్ని విభజనల్లో కండె కొలత పెద్దగా మారదు. ఆ తర్వాతే కణంతో పాటు కుదించుకుపోతుంది.

ఎందుకు? ఒక జవాబు, కణం గోడ, అంటే దాని చుట్టూ ఉండే పొర, అడ్డు తగులుతుందని. రెండోది, పిండి కొద్దీ రొట్టె: చిన్న కణంలో ట్యూబ్యులిన్ (పోగులు తయారయ్యే ప్రొటీన్) లాంటి సరుకే తక్కువ.

నాకు రెండోదే బలంగా అనిపిస్తుంది, కారణం 2013లో కణశాస్త్రవేత్త రెబెకా హీల్డ్ బృందం చేసిన ప్రయోగం. కప్ప గుడ్లను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణద్రవ్యం తీశారు. దాన్ని నూనెలో రకరకాల సైజుల బొట్లుగా చేశారు. ఒకే ద్రవ్యం, అయినా చిన్న బొట్టులో చిన్న కండె కట్టింది. ఆకారం మార్చినా తేడా రాలేదు, లెక్కకు వచ్చింది బొట్టు ఘనపరిమాణమే. గోడ ఎంత దూరంలో ఉందన్నదే అసలు సంగతైతే ఆకారం మారగానే కండె కూడా మారాలి కదా!

అయితే సరుకు ఒక్కటే చాలదు. పెద్ద గుడ్డులో సరుకు దండిగా ఉన్నా 60 మైక్రాన్లు దాటదేం? పోగులు ఎంత వేగంగా పెరుగుతాయి, ఎంత వేగంగా తెగుతాయి అన్నది కూడా చూడాలి. ఈ గోళ్ల కప్పకు బంధువైన ట్రాపికాలిస్ కప్పలో కండె ఇంకా పొట్టి. అక్కడ పోగుల్ని తెంచే కటానిన్ అనే ప్రొటీన్ మరింత చురుకు. రెండు కప్పల కణద్రవ్యాలనూ కలిపితే మధ్యస్థం కొలతతో కండె కట్టింది. నాకు బాగా నచ్చిన ఫలితం ఇది.

గోడను పూర్తిగా కొట్టిపారేయలేం. కిఫ్2ఎ అనే మరో ప్రొటీన్ పోగుల్ని కొసల నుంచి విప్పేస్తుంది. ఇంపోర్టిన్ ఆల్ఫా అనే ఇంకో ప్రొటీన్ దాన్ని పని చేయనివ్వకుండా పట్టి ఉంచుతుంది. కణం చిన్నదయ్యే కొద్దీ ఘనపరిమాణంతో పోలిస్తే పొర వాటా పెరుగుతుంది, ఇంపోర్టిన్‌లో మరింత భాగం వెళ్లి ఆ పొరకు అంటుకుంటుంది. దాంతో కిఫ్2ఎ వదులై, కండెను ఇంకాస్త పొట్టి చేస్తుంది.