ఆర్ నుంచి పైథాన్‌కి మార్చిన రిటర్న్స్ సిమ్యులేషన్: ఏడాది పైగా వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, మార్చడం మంచిదే అయింది, కానీ "ఏముంది, లైన్‌కి లైన్ మార్చేస్తే వారంలో అయిపోద్ది" అనేవాళ్ళ మాట మాత్రం నమ్మకండి. పెట్టుబడి మీద రాబడి ఎలా ఉండొచ్చో రాండమ్ నంబర్లతో మళ్ళీమళ్ళీ లెక్కేసి చూసే ప్రోగ్రామ్ ఇది, ఆర్, పైథాన్ రెండూ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లే. మా గచ్చిబౌలి ఆఫీసులో ఈ సిమ్యులేషన్ ఎప్పట్నుంచో ఆర్‌లోనే నడిచేది, రాసినాయన బెంగళూరు వెళ్ళిపోయాడు, కొత్తగా జాయినయ్యే పిల్లలకేమో అమీర్‌పేట కోచింగ్ నుంచే పైథాన్ అలవాటు, ఆర్ కోడ్ చూపిస్తే ఈ బాణం గుర్తేంటన్నా అంటారు. అందుకే మార్చాం.

ఎర్రర్ వచ్చే చోట అసలు బాధే లేదు. నోరెత్తకుండా తప్పు నంబర్ ఇచ్చే చోటే తలనొప్పంతా.

అందరూ అడిగేది సీడ్ గురించే, అంటే రాండమ్ నంబర్ల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె. రెండు చోట్లా 42 పెట్టినా నంబర్లు కలవవు, కలవాలని చూడకండి కూడా. ఆర్ డిఫాల్ట్‌గా మెర్సెన్ ట్విస్టర్ అనే రాండమ్ నంబర్ జనరేటర్ వాడి, ఇన్వర్షన్ అనే పద్ధతితో నార్మల్ (గంట ఆకారపు గ్రాఫ్ వచ్చే) నంబర్లు తీస్తుంది, నంపైలో (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) 1.17 వెర్షన్ నుంచి వచ్చిన కొత్త జనరేటర్ పీసీజీ64. నంపై పాత పద్ధతిలో ఉన్నదీ మెర్సెన్ ట్విస్టరే గానీ, సీడ్‌ని లోపలికి తీసుకునే తీరు వేరు. మేం చేసిందేంటంటే, రాండమ్ నంబర్లు ఆర్‌లోనే తీసి సీఎస్‌వీలో పెట్టి అదే ఫైల్ రెండు కోడ్‌లకీ ఇచ్చాం, అప్పుడు లెక్కలో తేడా ఉంటే ఏ లైన్ దగ్గర మొదలైందో వెంటనే దొరికిపోద్ది. ఈ ఒక్క పనీ ముందు చేసుకుంటే సగం గొడవలు ఉండవు.

ఇక స్టాండర్డ్ డీవియేషన్, అంటే నంబర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో కొలిచేది. 2, 4, 6 ఇస్తే ఆర్ 2 అంటుంది, నంపై 1.63 అంటుంది, ఎందుకంటే నంపై ఎన్‌తో (ఎన్ని నంబర్లుంటే అంత) భాగిస్తుంది, ఆర్ ఎన్ మైనస్ 1తో. పాండాస్ (పైథాన్‌లోనే టేబుల్ డేటా లైబ్రరీ) మళ్ళీ ఆర్ లాగే! అంటే అదే కాలమ్‌ని పాండాస్‌లో ఉంచితే ఒక జవాబు, వాల్యూస్ బయటికి తీసి నంపైకి ఇస్తే ఇంకో జవాబు. రోజువారీ డేటా మీద కనపడదు గానీ 12 నెలల రిటర్న్స్ మీద వోలటిలిటీ (రాబడుల స్టాండర్డ్ డీవియేషనే) 4 శాతం పైనే తక్కువ చూపిస్తుంది. నంపైలో డీడీఓఎఫ్ (ఎన్‌లోంచి ఎంత తీసెయ్యాలో చెప్పే సెట్టింగ్) 1 పెట్టాల్సిందే.

అన్నిటికన్నా ప్రమాదం చొలెస్కీ. కోరిలేటెడ్ రిటర్న్స్ (ఒకదానితో ఒకటి కలిసి కదిలే స్టాక్‌ల రాబడులు) తీయడానికి మ్యాట్రిక్స్‌ని విడగొట్టే పద్ధతి ఇది. ఆర్‌లో చొలెస్కీ పై త్రికోణంలోనే అంకెలుండే మ్యాట్రిక్స్ ఇస్తుంది, నంపై కింది త్రికోణం. ట్రాన్స్‌పోజ్ చెయ్యకుండా (అడ్డు వరసల్ని నిలువుగా తిప్పకుండా) గుణిస్తే సైజులు సరిపోతాయి కాబట్టి ఏ ఎర్రరూ రాదు. రెండు స్టాక్‌లు, వేరియన్స్ చెరో 1, కోరిలేషన్ 0.6 అనుకోండి, వచ్చే వేరియన్స్‌లు 1.36, 0.64, కోరిలేషన్ 0.51 దగ్గర. గ్రాఫ్ చూస్తే మాత్రం బానే ఉంటుంది, అదే ఖర్మ.

క్వాంటైల్స్ (కింది 5 శాతం లాంటి హద్దులు) దగ్గర భయం లేదు, రెండిటి డిఫాల్ట్ ఫార్ములా ఒకటే.

ఇంకోటి, పైథాన్‌కి మార్చాక మీడియన్ (ఫలితాల్ని వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యది) తగ్గిందని కంగారు పడేవాళ్ళు ముందు కోడ్‌లో డ్రిఫ్ట్ (ఏటా సగటు పెరుగుదల) లైన్ చూడండి. 12 శాతం డ్రిఫ్ట్, 18 శాతం వోలటిలిటీతో లక్ష రూపాయలు 20 ఏళ్ళకి సగటున 11 లక్షలు, మీడియన్ మాత్రం 8 లక్షల లోపే, మీడియన్‌కి డ్రిఫ్ట్‌లోంచి సిగ్మా (వోలటిలిటీ) స్క్వేర్‌లో సగం తగ్గించాలి కదా. ఇది లాంగ్వేజ్ గొడవ కాదు, ఫైనాన్స్ లెక్కే అంత. క్లయింట్‌కి ఏది చూపిస్తున్నారో చూసుకోండి.

స్పీడ్ అంటారా, ఫర్ లూప్‌ని ఫర్ లూప్‌గానే దింపితే ఆర్ కన్నా నెమ్మది అయినా ఆశ్చర్యం లేదు, పాత్స్ (ఒక్కో సిమ్యులేషన్ దారి) అన్నీ ఒకే మ్యాట్రిక్స్‌లో పెట్టి క్యుమ్‌ప్రాడ్ (వరసగా గుణించుకుంటూ పోయే నంపై ఫంక్షన్) కొడితే పరిగెడుతుంది.

అయిదుకి నాలుగు ఇస్తా. కోసిన ఆ ఒక్కటీ గ్రాఫులకి, ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్ వాడిన చేతికి పైథాన్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇంకా ఎక్కట్లేదు, అందుకే క్లయింట్ రిపోర్ట్ బొమ్మలు ఇప్పటికీ ఆర్‌లోనే గీస్తున్నా, మేనేజర్‌కి తెలీదు లెండి.