నెల్లూరులో వీఆర్ రోల్ ప్లే క్లాసు: హెడ్‌సెట్ తీసినాకే అసలు పాఠం

నేను నెల్లూరులో స్టాఫ్ నర్సుని, ఏడేళ్ల సర్వీసు. ఊళ్ళోనే ఒక ట్రైనింగ్ సెంటర్లో నర్సులకి పేషెంట్లతో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో మాట్లాడేది వీఆర్‌లో (కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుంటే కంప్యూటర్ బొమ్మల మధ్య నిజంగా ఉన్నట్టే కనిపించేది) నేర్పిస్తా ఉన్నారంటే నేనూ మా వార్డు సిస్టరూ పోయాం, రెండు సెషన్లకి మనిషికి 1,200.

మొదటి రోజు నాకొచ్చిన సీను ఐసీయూ బయట. లోపల తండ్రికి సీరియస్‌గా ఉంది, కొడుకు గట్టిగా అరుస్తా మీదకొస్తాడు. బొమ్మే అని తెలుసు, అయినా ఒకడుగు వెనక్కేశాను, వెనకున్న నిజం టేబులు నడుముకి తగిలింది. రోజూ అలవాటైన మాటే వచ్చేసింది నోట్లోంచి, "డాక్టరుగారొచ్చి చెప్తారు, మీరు పోయి కూర్చోండి" అని.

తర్వాత అదే సీను తిప్పి పెట్టారు. ఈసారి ఆ కొడుకుని నేనే, కుర్చీలో కూర్చోనుండా. ఎదురుగా నర్సు బొమ్మ, గొంతు మాత్రం నాది, ఇందాక రికార్డయింది. తలెత్తి చూడాల్సొచ్చింది ఆమెని, ఆమేమో కేస్ షీట్ మీంచి కళ్ళెత్తదు. కసురుకోలేదు, తిట్టలేదు, కానీ నేనక్కడ ఉన్నట్టే లేదు ఆమెకి. గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది.

హెడ్‌సెట్ తీసినాక క్లాసు చెప్పే మేడం అరగంట కూర్చోబెట్టింది. తప్పులేం ఎంచలా, "ఆ అబ్బాయి ఏం అడిగాడు, నువ్వు దేనికి జవాబు చెప్పావు" అంది, అంతే. వాడు అడిగింది వాళ్ళ నాయన గురించి, నేను చెప్పింది కుర్చీ గురించి. క్యాన్సర్ డాక్టర్లు చెడ్డ కబురు చెప్పేదానికి 2000లో స్పైక్స్ అని 6 మెట్ల పద్ధతి రాశారంట, అందులో మొదటి మెట్టులోనే కూర్చోని మాట్లాడమని ఉందని చెప్పింది. ఏడేళ్లలో ఎన్నిసార్లు నిలబడే చెప్పానో!

రెండో సెషన్‌కే మనసు విరిగింది. వెనక బ్యాచ్ కాచుకోనుందని మాట్లాడేది తీసేశారు, స్క్రీన్ మీద మార్కులు చూపించి పంపించేశారు. మొదటి రోజు బోర్డు మీద మనుషులు అనుభవంలోంచి ఎట్ట నేర్చుకుంటారో కోల్బ్ అనే ఆయన 1984లో చెప్పిన చక్రం వేసింది వీళ్ళే కదా: చెయ్యడం, వెనక్కి తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒకటి పట్టుకోవడం, మళ్ళీ చేసి చూడటం. మధ్యలో రెండూ పీకేస్తే అది వీడియో గేమే, అంత డబ్బు పెట్టి ఆడేదానికి మేమేం చిన్న పిల్లకాయలమా?

ఇంకోటి, ఆ బొమ్మలు మాట్లాడేది టీవీ వార్తల తెలుగు. మా వార్డుకి ఉదయగిరి నించి, ఆత్మకూరు నించి వచ్చే అవ్వలు "కడుపులో దేవుతా ఉందమ్మా" అంటారు గానీ "వికారంగా ఉన్నది" అనరు. ఇక్కడి యాసలో రికార్డు చేస్తే ఎంత బాగుండేదో.

కళ్ళజోడున్నోళ్ళకి హెడ్‌సెట్ అద్దాలు తగలకుండా స్పేసర్ అని ఎడం ఉంచే ముక్క పెడతారు, అడగండి. తల తిరిగినట్టుంటే వెంటనే ఆపించేయండి, ఓర్చుకోబాకండి.

మొన్న నైట్ డ్యూటీలో ఒకాయన అట్టే అరుస్తా వచ్చాడు. స్టూలు లాక్కోని పక్కన కూర్చున్నా, "మీ నాయన గురించే కదన్నా, చెప్తానుండు" అన్నా. ఆయనా కూర్చున్నాడు. మొదటి సెషన్‌కి 5కి 5 ఇస్తా, రెండోదానికి 1. పోయేవాళ్ళు ముందు ఫోన్ చేసి, హెడ్‌సెట్ తీసినాక మేడం కూర్చోని మాట్లాడతారా అని అడిగి, అవునంటేనే డబ్బులు కట్టండి.