కమాతాలో నల్లనీళ్ళు, రాత్రి ఒంటిగంట తర్వాత

గది గురించి అడక్కండి. జపాన్ బిజినెస్ హోటల్ గదిలో సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటుండదని వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. బ్రేక్‌ఫాస్టు, వైఫై మిగతా హోటళ్ళలో ఎలా ఉంటాయో ఇక్కడా అంతే. ఆఫీసు పనిమీద టోక్యో వెళ్ళినప్పుడల్లా కొన్నేళ్ళుగా కమాతాలోని ఒకే హోటల్లో దిగుతున్నానంటే కారణం ఒక్కటే. అక్కడ రాత్రంతా తెరిచి ఉండే ఓన్‌సెన్, అంటే భూమిలోంచి వచ్చే ఊటనీళ్ళ స్నానాల గది ఉంది, అందులో నీళ్ళు నల్లగా ఉంటాయి.

హైదరాబాద్‌కీ టోక్యోకీ మూడున్నర గంటల తేడా. పగలంతా క్లయింటు ఆఫీసులో కూర్చుని గదికొచ్చాక మనవాళ్ళ కాల్స్ మొదలవుతాయి. అవి ముగిసేసరికి అక్కడ ఒంటిగంట, ఇక్కడ తొమ్మిదిన్నర. "ఇంకా పడుకోలేదా?" అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు గానీ, ఒంటికి ఆ గడియారం ఇంకా అలవాటైతేగా నిద్ర రావడానికి! కమాతాలో వీధుల్లో ఉండే సెంతోల్లో (డబ్బిచ్చి స్నానం చేసే ఊరుమ్మడి స్నానశాలల్లో) కూడా చాలాచోట్ల ఈ నల్లనీళ్ళే, హోటల్‌కన్నా చవక కూడా. కానీ చాలావరకు అర్ధరాత్రి ప్రాంతంలో మూసేస్తారు. నాలాంటివాడికి అవి అందవు.

మనకు నలుగురిలో స్నానం కొత్తేం కాదు. పుష్కరాలకి గోదావరిలో జనం మధ్య మునిగినవాణ్ణే. కానీ అక్కడ ఒంటిమీద పంచో తువ్వాలో ఉంటుంది. ఇక్కడ ఏమీ ఉండకూడదు. చేతిరుమాలుకి కాస్త పెద్దదైన తువ్వాలొకటి ఇస్తారు, దాన్నీ నీళ్ళలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా తోముకుని, నురగ పోయేదాకా కడుక్కుని, అప్పుడు తొట్టిలోకి దిగాలి. మొదట్లో ఆ పీటనుంచి తొట్టిదాకా ఉన్న నాలుగడుగులే నాకు పెద్ద గండం. దిగాక మాత్రం నీళ్ళు డికాషన్ రంగులో ఉండి, మోచెయ్యి మునిగితే వేళ్ళు కనిపించవు. ఎప్పుడో భూమిలో కూరుకుపోయిన మొక్కలూ సముద్రపు నాచూ కుళ్ళి కలిసిన రంగట అది. సోడియం బైకార్బనేట్ కూడా ఉంటుంది కాబట్టి చర్మం జారుడుగా తగులుతుంది. దాని వైద్య గుణాలేంటో నాకక్కర్లేదు. మెడదాకా మునిగితే లోపలున్నది ఎవరికీ కనపడదు, నాకు కావలసింది అదే.

ఇక నాకు అసలు ఇష్టమైనదీ, ఒంటికాలి మీద లేచేలా చేసినదీ ఒకటే: గదిలో టీవీ. అందులో ఒక పేజీ తెరిస్తే మగవాళ్ళ స్నానాల గదిలో జనం ఎలా ఉన్నారో చూపిస్తుంది. ఖాళీ, కాస్త రద్దీ, రద్దీ, ఈ మూడే. నేను పైజమా, చెప్పులు వేసుకుని మంచం మీద కూర్చుని "ఖాళీ" పడేదాకా కాసుకునేవాణ్ణి. పడగానే లిఫ్ట్ వైపు పరుగు. చాలా రాత్రులు మొత్తం తొట్టి నాదే. నీళ్ళు పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఈ సదుపాయం గురించి ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

ఒకసారి క్లయింటు తరఫున పెద్దాయన ఒకరు మా టెస్ట్ రిపోర్టుని మధ్యాహ్నం మీటింగ్‌లో పేజీ పేజీ తిప్పి, మర్యాదగా, ఒక్క కఠినమైన మాట లేకుండా వెనక్కి పంపాడు. సాయంత్రమంతా దాన్నే సరిచేస్తూ కూర్చున్నాం. ఒంటిగంట దాటాక టీవీ చూస్తే "ఖాళీ". వెళ్ళాను. కళ్ళజోడు లాకర్లో పెట్టేశాను కాబట్టి ఆవిరిలో అంతా మసక. పీట మీద కూర్చుని తలకి షాంపూ పట్టించాక పక్క పీట మీద ఎవరో ఉన్నారని తెలిసింది. నీళ్ళు పోసుకుని తిరిగి చూస్తే ఆ పెద్దాయనే! ఆయనది అయిచి అనే వేరే జిల్లా, మీటింగ్ కోసమే వచ్చి ఇదే హోటల్లో దిగాడట. నాకు తెలీదు, ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ దేశంలో పై అధికారికి వంగి నమస్కారం పెట్టడం నాకు బాగానే అలవాటైంది. కానీ ఒంటి నిండా నురగతో, పీట మీద, బట్టల్లేకుండా ఎలా వంగాలో ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు. సగం లేచి, మళ్ళీ కూర్చుని, తల మాత్రం వంచాను. ఆయన "ఓత్సుకారే సామా" (పనిచేసి అలిసిపోయారు అని పలకరింపు) అని, అదేదో లిఫ్ట్‌లో ఎదురుపడినట్టే, వెళ్ళి తొట్టిలో కూర్చున్నాడు. వెనక్కి వెళ్ళిపోతే మర్యాద కాదు, ఎదురుగా దిగడానికి కాళ్ళు రావు. చివరికి దిగాను. నల్లనీళ్ళలో రెండు తలలు, రెండు తలల మీదా మడిచిన తువ్వాళ్ళు. రిపోర్టు ఊసే లేదు. మా ఊళ్ళో వేడినీటి ఊటలున్నాయా అని అడిగాడు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసక తవ్వితే వేడినీళ్ళొస్తాయని నా జపనీస్‌లో చెప్పాను. ఎంత అర్థమైందో గానీ చాలాసేపు తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే అదే రిపోర్టుని, అంతే మర్యాదగా, మళ్ళీ వెనక్కి పంపాడు.

రిసెప్షన్‌లో అడిగితే ఒక కాగితం చూపించారు. "ఖాళీ" అంటే ఒక లెక్కకన్నా తక్కువ మంది ఉన్నారని మాత్రమేనట, అసలెవరూ లేరని కాదట. అది టీవీలోనే ఓ వాక్యం రాసి ఉంటే ఏం పోయింది? ఆ పేజీ మీద నాకు నమ్మకం పోయింది, ఇప్పటికీ చూస్తాను గానీ.

నీళ్ళ గురించి పైన పొగిడినదాంట్లో కాస్త తగ్గించుకోవాలి. కమాతా నల్లనీళ్ళు భూమిలోంచి చాలావరకు చల్లగానే వస్తాయి, హోటల్లో కాచి నలభై ఒకటో రెండో డిగ్రీలకి తెస్తారు. వాళ్ళ 1948 చట్టం ప్రకారం పుట్టిన చోట 25 డిగ్రీలున్నా, లేకపోతే జాబితాలోని 19 పదార్థాల్లో ఒకటి తగినంత ఉన్నా ఓన్‌సెన్ అనొచ్చు. కాబట్టి మోసం కాదు. 2004లో నగానో జిల్లాలోని షిరాహొనే అనే ఓన్‌సెన్ ఊళ్ళో నీళ్ళు తెల్లగా కనిపించడానికి పొడి కలుపుతున్నారని బయటపడింది. ఆ మరుసటి ఏడు నుంచి నీళ్ళు కాస్తున్నారా, తిప్పి వాడుతున్నారా, క్లోరిన్ లాంటి మందు కలుపుతున్నారా అన్నది బోర్డు మీద రాయాల్సిందే. మా హోటల్ బోర్డులో మూడూ ఉన్నాయి. వరసగా నాలుగైదు రాత్రులు దిగితే క్లోరిన్‌కి చర్మం పొడిబారుతుంది. కొబ్బరినూనె తీసుకెళ్ళండి. ఆవిరి గది ఒంటిగంటకి ఆపేసి తెల్లవారుజామున ఐదింటికి తెరుస్తారు, కాబట్టి నా వేళకి ఎప్పుడూ దొరకదు.

రాత్రి స్నానంతోపాటు తిండి కూడా కావాలనుకునేవాళ్ళు డార్మీ ఇన్ అనే హోటళ్ళ గొలుసు చూడొచ్చు. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఉచితంగా నూడుల్స్ గిన్నె పెడతారు. శాకాహారులు ఆ పులుసు జోలికి వెళ్ళకపోతే మంచిది.

నాకైతే పనంతా హనేదా విమానాశ్రయం వైపే, నిద్ర ఎలాగూ ఆలస్యం, బీపీ లేదు, ఒక్కణ్ణే వెళ్తాను. అందుకని ఇది సరిపోయింది. పిల్లల్తో వెళ్ళేవాళ్ళకీ, ఒంటిమీద పచ్చబొట్టు ఉన్నవాళ్ళకీ నేను గట్టిగా చెప్పలేను. పచ్చబొట్టుంటే చాలాచోట్ల రానివ్వరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకొకటి, బిల్లులో 150 యెన్‌ల స్నానపు పన్ను విడిగా పడుతుంది. అది ప్రభుత్వ పన్నే, హోటల్‌ది కాదు. మా ఫైనాన్స్ వాళ్ళు మాత్రం "వ్యక్తిగత ఖర్చు" అని రాసి ప్రతిసారీ కొట్టేస్తున్నారు.