ఫిట్స్ సూత్రంతో ఆరేళ్లు: పర్లాకిమిడి డీటీపీ షాపు నుంచి

మౌస్‌కో ప్రింటరుకో సమీక్ష రాస్తారు గాని సూత్రానికి రాస్తారా అని మా మేనల్లుడు నవ్వాడు. ఆరేళ్లుగా నా మణికట్టును కాస్తున్నది అదే కాబట్టి రాస్తున్నాను. పర్లాకిమిడిలో మాది చిన్న షాపు. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా అచ్చయ్యే శుభలేఖలే మాకు తిండి పెడతాయి.

గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుంది అన్నది తెలిస్తే చెయ్యి దాన్ని చేరే సమయం లెక్క కట్టవచ్చని పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1954లో చెప్పాడు. మౌస్ పుట్టడానికి అప్పటికింకా పదేళ్లుంది. ఆయన మనుషుల చేత రెండు లోహపు పలకలను మార్చి మార్చి తట్టించి చూశాడు. మౌస్‌కూ ఈ లెక్క సరిపోతుందని 1978లో కార్డ్, ఇంగ్లిష్, బర్ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చారు. దూరం రెట్టింపైన ప్రతిసారీ సమయానికి ఒకే కొసరు కలుస్తుంది; తెర మీద మనం నొక్కే గుండీని (బటన్‌ను) కూడా రెట్టింపు వెడల్పు చేస్తే ఆ కొసరు పోతుంది.

నాకు అసలు లాభం తెర అంచుల్లో దొరికింది. ఎంత విసురుగా తోసినా బాణం గుర్తు అంచు దగ్గర ఆగిపోతుంది కాబట్టి అక్కడున్న గుండీ అటువైపు అంతులేనంత వెడల్పున్నట్టే. నేను శుభలేఖలు దిద్దే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో రంగుల పట్టీ కుడి అంచునే ఉంటుంది. చూడకుండా తోసేవాణ్ణి, రంగు దొరికేది.

తర్వాత బుద్ధి గడ్డి తిని కుడివైపు రెండో మానిటర్ పెట్టాను. అంచు మాయమైంది. కుంకుమరంగు కోసం తోస్తే బాణం పక్క తెరలోకి దూకేది. నెల రోజులు మౌస్‌ను తిట్టాక గాని కారణం వెలగలేదు. సెట్టింగుల్లో రెండో తెరను కిందికి జరిపి, మూల దగ్గర మాత్రం కాస్త తగిలేలా పెట్టాను. అంచు తిరిగొచ్చింది.

మెనూలో నుంచి మెనూ తెరుచుకునే చోట ఈ సూత్రం చేతులెత్తేస్తుంది. నేను వాడే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫాంటు మార్చాలంటే సన్నటి సందులో బాణాన్ని పక్కలకు తగలకుండా నడపాలి, పొలం గట్టు మీద సైకిల్ తొక్కినట్టు. దానికి అకో, జాయ్ అనే పరిశోధకులు 1997లో వేరే సూత్రం ఇచ్చారు: సందు పొడవును వెడల్పుతో భాగించాలి. దూరం రెట్టింపైనా ఒక్క కొసరుతో సరిపెట్టే ఫిట్స్ లెక్కలోని లాగరిథమ్ దయ ఇక్కడ లేదు, పొడవు రెట్టింపైతే కష్టమూ రెట్టింపే. ఆ మెనూలకు నేను కీబోర్డు షార్ట్‌కట్లు పెట్టుకున్నాను.

పెళ్లివారు వెనక నిలబడి “వినాయకుణ్ణి ఇంకొంచెం పైకి” అంటున్నప్పుడు మాత్రం ఏ లెక్కా పనిచేయదు. మొన్న ఒకాయన పదకొండుసార్లు జరిపించి, మొదటి చోటే బాగుందన్నాడు.