ట్యూబు వేసేటప్పుడు సక్సా, రోకా?

ఎమర్జెన్సీలో పేషెంటుకు ఊపిరి కోసం శ్వాసనాళంలోకి ట్యూబు వేయాలని తేలగానే మొదలయ్యే పాత పేచీ ఇది. మత్తు వెంటే ఇచ్చే కండరాల సడలింపు మందుగా సక్సినైల్‌కోలిన్ (సక్స్) మేలా, రోక్యురోనియం (రోక్) మేలా? చాలామంది పేషెంట్లకు రోకే మేలు. కాకపోతే డోసు సరిగ్గా పడాలి, ఆ తర్వాతి పని మర్చిపోకూడదు.

వేగంతో మొదలుపెడదాం. సక్స్ కిలోకు 1.5 మి.గ్రా. ఇస్తే 45–60 సెకన్లలో దవడ వదులవుతుంది. రోక్‌కు నెమ్మది అన్న చెడ్డపేరు రావడానికి కారణం కిలోకు 0.6 మి.గ్రా. డోసు. తొందర లేని ఆపరేషన్‌కు అది చాలు, ఇక్కడ చాలదు. కిలోకు 1.2 ఇస్తే ఇంచుమించు నిమిషంలోనే పని చేస్తుంది. 70 కిలోల మనిషికి అది 84 మి.గ్రా. 50 మి.గ్రా. వయల్స్ అయితే రెండు కావాలి. ఒక్క వయల్ లోడ్ చేసి 'చాల్లే' అనుకుంటే కిలోకు 0.7 మాత్రమే పడుతుంది. రోక్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇంకో చిక్కు ఉంది. సక్స్ ఇస్తే ముఖం నుంచి కాళ్ల దాకా కండరాలు అదురుతాయి. ఆ అదురు ఆగితే పని మొదలుపెట్టొచ్చు. రోక్‌కు అలాంటి గుర్తేమీ లేదు. గడియారం చూస్తూ 60 సెకన్లూ ఆగాల్సిందే. నలభయ్యో సెకనుకే గొంతు లోపల చూసే లారింగోస్కోప్ పెడితే స్వరతంత్రులు కదులుతూనే ఉంటాయి, పేషెంటు దగ్గుతాడు, తప్పేమో మందు మీద పడుతుంది.

సక్స్ పక్షాన ఉన్న గట్టి లెక్క కూడా చెప్పుకోవాలి. ఫ్రాన్స్‌లో ఆసుపత్రి బయట 1,248 మందిపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి ప్రయత్నానికే ట్యూబు పడింది సక్స్‌తో 79.4 శాతం మందికి, 1.2 డోసు రోక్‌తో 74.6 శాతం మందికి. రోక్ ఏమాత్రం తీసిపోదని ఆ అధ్యయనం నిరూపించలేకపోయింది.

అయినా సక్స్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేది వేగం గురించి కాదు. 'ట్యూబు పడకపోయినా సక్స్ త్వరగా దిగిపోతుంది, పేషెంటు తనే ఊపిరి తీసుకుంటాడు' అంటారు. ఆరోగ్యవంతుడి సంగతి ఎలా ఉన్నా, న్యుమోనియాతో ఆయాసపడుతున్నవాడికో, ఊబకాయం ఉన్నవాడికో రక్తంలో ఆక్సిజన్ ఒకటి రెండు నిమిషాల్లోనే 90 శాతం కిందికి జారొచ్చు. సక్స్ దిగడానికి 6–10 నిమిషాలు పడుతుంది. మధ్యలో కాపాడేది మాస్క్, స్వరతంత్రుల పైన కూర్చుని గాలి పంపే సుప్రాగ్లాటిక్ పరికరం, అవీ పనికిరాకపోతే మెడ ముందు కోత. మందు ఏదైనా దారి అదే. 'రోక్‌కు విరుగుడుగా సుగమ్మడెక్స్ ఉందిగా' అనే ధైర్యం కూడా అలాంటిదే. అత్యవసర డోసు కిలోకు 16 మి.గ్రా., అంటే 70 కిలోలకు 1,120 మి.గ్రా. 200 మి.గ్రా. వయల్స్ ఆరు విప్పాలి. కండరాలు తేరుకున్నా మత్తు దిగదు, మూసుకున్న గాలిదారి తెరుచుకోదు.

నా దృష్టిలో తూకాన్ని తేల్చేది పొటాషియం. సక్స్ వల్ల రక్తంలో అది మామూలుగా లీటరుకు 0.5–1 మిల్లీమోల్ పెరుగుతుంది, పెద్దగా ఏమీ కాదు. కానీ నరం సంకేతం అందని కండరం, కాలిన లేదా నలిగిన కండరం, ఐసీయూలో రోజుల తరబడి కదలని కండరం తన పొర నిండా సక్స్ అంటుకునే కొత్త గ్రాహకాలను మొలిపించుకుంటుంది. సక్స్ తగలగానే అన్నీ ఒకేసారి తెరుచుకుని పొటాషియం ఎగదన్నుతుంది, గుండె ఆగుతుంది. అప్పుడే కాలినవాడికి, అప్పుడే పక్షవాతం వచ్చినవాడికి ప్రమాదం లేదు. కాలిన గాయమైతే ఒక రోజు, పక్షవాతమో వెన్నుపాము దెబ్బో అయితే మూడు రోజులు దాటితే సక్స్ జోలికి పోకూడదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువ ఉన్నంత మాత్రాన సక్స్ నిషిద్ధం కాదు, పొటాషియం పెరిగి ఈసీజీ మారితేనే. చిన్నపిల్లల్లో బయటపడని కండర క్షీణత జబ్బు ఉండొచ్చు కాబట్టి సక్స్ లేబుల్ మీదే హెచ్చరిక ఉంటుంది. స్పృహ లేకుండా వచ్చినవాడి చరిత్ర చెప్పేవాళ్లు లేనప్పుడు ఇవన్నీ ఎవరిని అడుగుతాం?

రోక్‌కు చెల్లించే మూల్యం వేరు. కండరాలు 45 నిమిషాలకు పైగా, ఒక్కోసారి గంట దాటి కదలవు. ఎటోమిడేట్ మత్తు ఐదు పది నిమిషాల్లో, కీటమైన్‌ది పది ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. ఆ తర్వాత పేషెంటు మెలకువగా ఉంటాడు, అన్నీ వింటాడు, వేలు కూడా కదపలేడు. పల్స్, బీపీ పెరగడం, కళ్ల వెంట నీళ్లు రావడం గుర్తులే కానీ బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాడికి అవీ కనిపించకపోవచ్చు. అసలు 'పేషెంటు ప్రశాంతంగా ఉన్నాడు' అనే మాటే ఇక్కడ మోసం. అందుకే నొప్పి మందు, మత్తు ఇన్‌ఫ్యూజన్ ట్యూబు వేయకముందే పంపులో ఎక్కించి పెట్టుకోవాలి. ట్యూబుకు టేపు వేసేలోపే అవి నడవాలి. బీపీ తక్కువైతే కీటమైన్ చిన్న బోలస్‌లు ఇవ్వాలి కానీ, ఆ సాకుతో మత్తు ఆపకూడదు.

సక్స్‌నే ఎంచుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఆగని ఫిట్స్‌తో వచ్చినవాడికి రోక్ ఇస్తే కండరాలు కదలవు, మెదడులో ఫిట్స్ సాగుతున్నాయో లేదో ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) లేకుండా తెలియదు. పైన చెప్పిన ప్రమాదాలేవీ లేకపోతే అక్కడ సక్స్ మేలు. తలకు దెబ్బ తగిలి, కాసేపట్లో నరాల పరీక్ష మళ్లీ చేయాల్సినవాడికీ అంతే. కండరాలు త్వరగా నీరసించే మయస్తీనియా జబ్బులో లెక్క తిరగబడుతుంది: సక్స్ డోసు పెంచాలి, రోక్ సగానికి తగ్గించాలి.

షాక్‌లో రక్తం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఏ మందైనా ఆలస్యంగా అందుతుంది. మత్తుమందు సగానికి తగ్గించి, రోక్ కిలోకు 1.6 దాకా పెంచేవాళ్లున్నారు. ఇంకొక్కటి: థయోపెంటోన్ అనే మత్తుమందు వెంటే అదే లైన్‌లో రోక్ ఎక్కిస్తే తెల్లగా గడ్డకట్టి లైన్ మూసుకుపోతుంది, మధ్యలో సెలైన్‌తో బాగా ఫ్లష్ చేయాలి.