మిల్లుకు వెబ్ పీఎల్‌సీ బిగించుకుంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

యాసంగి వడ్లు వచ్చేలోపు డ్రయ్యర్ ప్యానెల్ మార్పించుకుందామని చూస్తున్న బాయిల్డ్ మిల్లుల వాళ్లకోసం రాస్తున్నాను. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, సుల్తానాబాద్ ఎక్కడివారైనా సరే. డీలర్లు చెప్పే మాట ఒకటే: చిన్న పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి కంట్రోలర్), అందులోనే వెబ్ సర్వర్ (రీడింగులను వెబ్ పేజీగా చూపించేది), వేరే కంప్యూటర్ అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో టెంపరేచర్ చూసుకోవచ్చు. అది నిజమే. సామాను కూడా మంచిదే. మమ్మల్ని ముంచింది దాన్ని బిగించిన పద్ధతి.

డీలర్ మాతో ఫైబర్ కనెక్షన్‌కి స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రస్, తీయించాడు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లు నేరుగా లోపలి పరికరానికి చేరే దారి) పెట్టి, పీఎల్‌సీ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేశాడు. పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చిందే ఉంచేశాడు. పైగా ఆ పేజీలో రీడింగులు చూడటమే కాదు, సెట్ పాయింట్లు (వేడి ఎంత ఉండాలో పెట్టే అంకెలు) మార్చే వీలు కూడా ఇచ్చాడు. ఇవేవీ మాకు చెప్పలేదు.

ఒక రాత్రి డ్రయ్యర్ వేడిగాలి సెట్ పాయింట్ పెరిగిపోయింది. ఆపరేటర్ ప్యానెల్ ముట్టుకోలేదు. ఉడికిన వడ్లు ఒక్కసారిగా ఎండితే గింజ లోపల పగుళ్లు వస్తాయి, మర పట్టగానే నూక అవుతుంది. అదే జరిగింది. సీఎంఆర్ (ప్రభుత్వం ఇచ్చిన వడ్లు మర పట్టి బియ్యం తిరిగి అప్పగించడం) గడువు దగ్గర పడుతుంటే, బాయిల్డ్ బియ్యంలో నూక 16 శాతం దాటితే ఎఫ్‌సీఐ తీసుకోదని తెలిసినవాళ్లకు ఆ టెన్షన్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత మా బంధువుల పిల్లవాడు వైఫై ఆపేసి, తన సిమ్ డేటాతో మా ఐపీ కొట్టి చూశాడు. పేజీ తెరుచుకుంది. కంపెనీ పాస్‌వర్డ్‌తో లాగిన్ కూడా అయింది!

"మీ మిల్లు అడ్రస్ ఎవరికి తెలుస్తుంది సార్" అన్నాడు డీలర్. ఆ మాట నమ్మకండి. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న పరికరాలను వెతికిపెట్టే షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ 2009 నుంచే ఉంది. 2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే ఊరి నీటి సరఫరా పీఎల్‌సీలోకి ఇలాగే చొరబడ్డారు. సిబ్బంది పంపులను చేత్తో నడుపుకోవాల్సి వచ్చింది. ఆ తరగతి పీఎల్‌సీలకు కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డ్ 1111, దాన్ని వెంటనే మార్చమని అక్కడి ప్రభుత్వ సంస్థ అందరినీ హెచ్చరించింది. పీఎల్‌సీలు మాట్లాడుకునే మోడ్‌బస్ టీసీపీ అనే పద్ధతి మామూలుగా వాడే 502 పోర్ట్ తెరిచి ఉంటే మరీ ప్రమాదం. మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు.

అందుకే ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి: బయటినుంచి చూడాలంటే వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) ద్వారానే, పోర్ట్ ఫార్వర్డింగ్ వద్దు. ఫోన్ పేజీ చూడటానికే, మార్చడానికి కాదు. సెట్ పాయింట్ ఎంతవరకు పెరగొచ్చో పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లోనే హద్దు కట్టించండి. ఆవిరి వాల్వ్ మూసేలా, పీఎల్‌సీతో సంబంధం లేని హై టెంపరేచర్ థర్మోస్టాట్ ఒకటి వేరే వైరింగ్‌తో పెట్టించండి. అది మాత్రం ఏ బేరంలోనూ వదులుకోకండి.

ఇంకో సంగతి. ప్రోగ్రామ్ ఫైలు, దాని పాస్‌వర్డ్ చేతికి వచ్చాకే ఆఖరి బిల్లు కట్టండి. మా ప్రోగ్రామ్‌కి డీలర్ తన పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. ఇప్పుడు చిన్న మార్పుకైనా మళ్లీ డబ్బు అడుగుతున్నాడు, ఇంకొకరిని పిలిస్తే మొత్తం కొత్తగా రాయాలంటున్నారు.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఈరోజే ఫోన్ వైఫై ఆపి, సిమ్ డేటా మీద మీ ఐపీ కొట్టి చూడండి. వీపీఎన్ లేకుండానే పేజీ వస్తే రౌటర్‌లో ఆ పోర్ట్ మూయించి, పాస్‌వర్డ్ మార్పించండి. ఫోన్‌లో కొన్నాళ్లు కనిపించకపోయినా ఏం కాదు, డ్రయ్యర్‌ని పీఎల్‌సీ ఎప్పటిలాగే నడిపిస్తుంది.