స్విట్జర్లాండ్‌లో ఏడు నిమిషాల్లో రైలు మారడం: ఎస్‌బీబీ మొబైల్ యాప్ రివ్యూ

మొదటిసారి విదేశం వెళ్తున్నవాళ్లకి, అందులోనూ ఇంట్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్తున్నవాళ్లకి, స్విస్ రైళ్ల టైం టేబుల్లో "మారడానికి 7 నిమిషాలు" అని కనిపిస్తే టెన్షన్ పట్టుకుంటుంది. ఆ టెన్షన్‌ని చాలావరకు తీసేసేది స్విస్ రైల్వే వాళ్ల సొంత యాప్, ఎస్‌బీబీ మొబైల్. డౌన్‌లోడ్ ఉచితం. వైజాగ్ నుంచి యూరప్ ప్లాన్ చేసుకునేవాళ్లు వీసా పని మొదలుపెట్టినరోజే దీన్ని ఫోన్‌లో వేసుకోమని గట్టిగా చెప్తాను.

మా అమ్మ, పెద్దమ్మ, నేను వెళ్లాం. జ్యూరిక్ నుంచి వెంగెన్ అనే కొండమీది ఊరికి చేరాలి, ఆ ఊళ్లోకి కార్లు రావు, రైలే దిక్కు. బెర్న్‌లో ఒకసారి, ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో ఒకసారి, లౌటర్‌బ్రున్నెన్‌లో ఒకసారి బండి మారాలి. ఇది ఎంవీపీ కాలనీలో మా హాల్లో కూర్చుని చెప్తే పెద్దమ్మ ఒకటే మాట, "ఒరేయ్, ఏడు నిమిషాల్లో పెట్టెలు లాక్కుని ఎక్కడికి పరిగెత్తగలంరా? మన వైజాగ్ స్టేషన్లో ఒకటో ప్లాట్‌ఫాం నుంచి జ్ఞానాపురం వైపు వెళ్లడానికే నాకు అంతకన్నా ఎక్కువ పడుతుంది." ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. మన దగ్గర విజయవాడలో దిగి ఇంకో రైలెక్కాలంటే మధ్యలో రెండు మూడు గంటలు ఉంచుకునే అలవాటు, ఎందుకంటే మొదటి బండి లేటై రెండోది వెళ్లిపోతే రిజర్వేషన్ పోయినట్టే. 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్‌ఆర్‌లు లింక్ చేసుకుంటే అలాంటప్పుడు రెండో టికెట్ డబ్బులు వెనక్కి వస్తాయి, కానీ ఆ రాత్రికి బెర్తు ఎవరిస్తారు?

అక్కడ లెక్క వేరు. టూరిస్టులు రోజుల లెక్కన కొనుక్కునే స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నా, మామూలు టికెట్ ఉన్నా, అది ఒక్క బండికే కట్టేసి ఉండదు. ఆ దారిలో ఆ రోజు ఏ బండైనా ఎక్కొచ్చు, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ లాంటి టూరిస్టు రైళ్లు తప్పిస్తే ఎక్కువ రైళ్లకి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు. బెర్న్‌లో బండి తప్పిపోతే ఇంకో అరగంటకి ఇంకోటి ఉంటుంది, కాఫీ తాగి ఎక్కడమే. అందుకే మారడానికి ఎన్ని నిమిషాలుందని చూసి బెంగపడేముందు, తర్వాతి బండి ఎప్పుడుందో చూడండి. యాప్‌లో ఎక్కడ నుంచి, ఎక్కడికి అని కొడితే ఒకదాని కింద ఒకటి వరసగా బళ్లన్నీ కనిపిస్తాయి. ఆ వరస ఒక్కసారి చూపించగానే మా పెద్దమ్మ మొహంలో కళ వచ్చింది.

ఇక యాప్ అసలు పనితనం. ప్రయాణం మీద నొక్కితే దిగే ప్లాట్‌ఫాం నంబరు, ఎక్కే ప్లాట్‌ఫాం నంబరు రెండూ ఉంటాయి. రైలు బోగీల బొమ్మ కూడా వస్తుంది, ఏ బోగీ ప్లాట్‌ఫాం మీద ఏ సెక్టార్లో ఆగుతుందో, ఫస్ట్ క్లాస్ ఏది, సెకండ్ క్లాస్ ఏది, జనం ఎంతమంది ఉండొచ్చో అన్నీ అందులోనే. ప్లాట్‌ఫాం పైన ఏ, బీ, సీ, డీ అని పెద్ద పెద్ద అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి, మనం వెళ్లి మన అక్షరం కింద నిలబడితే చాలు. ఏడు నిమిషాల్లో అసలు టైం తినేది నడక కాదండీ, ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోవడం. బెర్న్ వచ్చేముందే తర్వాతి ప్లాట్‌ఫాం నంబరు, సెక్టారు ముగ్గురం పైకి చదువుకున్నాం, పెట్టెలు తలుపు దగ్గరికి జరుపుకున్నాం, దిగగానే నేరుగా లిఫ్ట్. రెండో బండి ఎక్కి కూర్చున్నాక కూడా ఇంకా టైం మిగిలింది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని చూస్తూ నిలబడొద్దు, తలుపు మీద బటన్ ఉంటుంది, నొక్కాలి.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో మాత్రం జాగ్రత్త. అక్కడ ఎక్కే కొండ రైలు మధ్యలో స్వైలుట్‌షినెన్ అనే చిన్న స్టేషన్లో రెండుగా విడిపోతుంది, సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. కరెక్ట్ రైలెక్కి తప్పు బోగీలో కూర్చుంటే ఇంకో లోయలో తేలతారు. ఎక్కేముందు బోగీ మీద రాసిన ఊరి పేరు చూసి తీరాలి. మా అమ్మ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "ఎల్... ఏ... యూ... ఇదే, ఎక్కండి" అని మా ఇద్దరికన్నా ముందు ఎక్కేసింది. ఆ తర్వాత ప్రతి స్టేషన్లో బోర్డులు చదివే బాధ్యత ఆవిడే తీసుకుంది.

ఇంత తక్కువ టైం ఎందుకు పెడతారో తెలిస్తే ధైర్యం వస్తుంది. 1982 నుంచి వాళ్ల టైం టేబుల్ గడియారం ప్రకారం ఉంటుంది, ప్రతి గంటా అదే నిమిషానికి అదే బండి. 2004 డిసెంబర్లో దాన్ని ఇంకా బిగించారు. జ్యూరిక్-బెర్న్ ప్రయాణాన్ని గంట లోపుకి తెచ్చి, పెద్ద స్టేషన్లలో నాలుగు వైపుల నుంచి బళ్లు ఇంచుమించు ఒకేసారి వచ్చి, జనం మారాక, ఒకేసారి బయల్దేరేలా అమర్చారు. మన ఏడు నిమిషాలు అలా వచ్చినవే, ఎవరో లెక్క తప్పి వేసినవి కావు. స్టేషన్ గడియారాలు చూడండి, ఎర్ర సెకన్ల ముల్లు దాదాపు 58 సెకన్లకే చుట్టు పూర్తి చేసి పైన ఒక్క క్షణం ఆగుతుంది, నిమిషం ముల్లు టక్కున దూకాక మళ్లీ కదులుతుంది. 2024లో అక్కడ 93 శాతం పైగా రైళ్లు సమయానికి చేరాయి, సమయానికి అంటే మూడు నిమిషాల లోపు.

ఊళ్లో ఒక ట్రావెల్ ఏజెన్సీ మాకు రంగు రంగుల ప్రింటవుట్ ఇచ్చింది, పేరు రాయను. అందులో రైలు టైములు పాత ఏడాదివి. ప్లాట్‌ఫాం నంబర్లు అసలే లేవు. స్విస్ టైం టేబుల్ ఏటా డిసెంబర్లో మారుతుంది, డబ్బు తీసుకుని పని చేసేవాళ్లు ఆ మాత్రం సరిచూడాలి కదా. పెద్దవాళ్లు కాగితాన్నే నమ్ముతారు, ఆ కాగితం తప్పయితే ఎక్కడో తెలియని స్టేషన్లో వాళ్లు పడే కంగారు చాలా కష్టంగా ఉంటుంది. యాప్‌లో ప్రయాణం సేవ్ చేసుకుంటే ప్లాట్‌ఫాం మారినా, బండి లేటయినా ఫోన్‌కి కబురు వస్తుంది. ప్రింటవుట్‌కి అది ఎలాగూ చేతకాదు.

లోటుపాట్లూ ఉన్నాయి. భాషలు జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, ఇంగ్లీషు మాత్రమే, పెద్దవాళ్లు సొంతంగా వాడలేరు, పక్కన ఒకరు ఉండాలి. నెట్ లేకపోతే లైవ్ సమాచారం ఉండదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, కొన్ని యూరప్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, కొనేముందు దేశాల జాబితాలో దాని పేరు చూసుకోండి. టికెట్ యాప్‌లోనే కొనాలంటే మన బ్యాంకు కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. అందులో సూపర్‌సేవర్ అని చవక టికెట్లు కనిపిస్తాయి, అవి మాత్రం ఎంచుకున్న బండికే చెల్లుతాయి, పెద్దవాళ్లతో వెళ్తుంటే ఆ చవక మనకొద్దు. మార్గం పొడవునా సాయంత్రం చివరి బండి ఎప్పుడో కూడా చూసుకోండి, కొండ రైళ్లకి రాత్రి ఆలస్యమైతే తర్వాతిది ఉండకపోవచ్చు.

జర్మనీ కూడా వెళ్తుంటే ఈ ధైర్యాన్ని అక్కడికి మోసుకెళ్లొద్దు. 2024లో అక్కడి దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు లేటుని లేటుగా లెక్కేయకుండా. లేటుగా వచ్చిన జర్మన్ బళ్లని సరిహద్దులోని స్విస్ ఊరు బాసెల్‌లోనే ఆపేసి, అక్కడి నుంచి స్విస్ బండి నడపడం కూడా జరుగుతుంటుంది. జర్మనీకైతే అక్కడి రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్ వేసుకుని, మారడానికి కావలసిన కనీస సమయాన్ని మీరే పెంచి పెట్టుకోండి, నేనైతే అరగంటకి తగ్గించను. మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ తీసుకోండి. చేరేచోటికి 20 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ ఆలస్యమవుతుందని తేలితే, ఒక్క బండికే పరిమితమైన టికెట్‌తో కూడా వేరే బండి ఎక్కనిస్తారు. గంట దాటితే 25 శాతం, రెండు గంటలు దాటితే సగం డబ్బు అడగొచ్చు. విడివిడిగా కొన్న టికెట్లకి ఈ రక్షణ ఉండదు.

ఇంకో మాట, వెళ్లేముందు ఇంట్లోనే సాధన చేయించండి. వేసవిలో వాళ్లకీ మనకీ మూడున్నర గంటల తేడా, మనకి మధ్యాహ్నం పన్నెండున్నరయితే వాళ్లకి ఉదయం తొమ్మిది. భోజనానికి ముందు యాప్ తెరిచి బెర్న్ నుంచి ఇంటర్‌లాకెన్ కొడితే అప్పుడు అక్కడ నడుస్తున్న బళ్లే కనిపిస్తాయి. ప్లాట్‌ఫాం ఎంత, సెక్టార్ ఏది, తర్వాతి బండి ఎప్పుడు అని అమ్మని, పెద్దమ్మని అడిగేవాణ్ణి. వారం తిరిగేసరికి నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టారు.